కరువు పని: మన కండలూ ఎముకలూ దాచిన లెక్క

వేసవి సెలవుల తర్వాత కాలేజీ తెరిచిన వారంలో, డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతి క్లాసు అయ్యాక నా దగ్గర ఆగింది. సెలవుల్లో వాళ్ళమ్మతో పాటు తనూ పనికి పోయింది. అరచేతుల్లో బొబ్బలు ఎండి తోలు లేస్తోంది. "మేడమ్, కొల్త తక్కువొచ్చిందని మాకు కూలి తగ్గిచ్చినారు. మా అమ్మ పని తక్కువ చేసిందా, నేల గట్టిగా ఉండాదా? ఎట్ల తెలుస్తుంది?" అని అడిగింది.

నేను తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని. అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ఇంటికి పోయాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. దానికి జవాబు చెప్పాలంటే మూడు సంగతులు తెలియాలి. కండ ఎట్లా పని చేస్తుంది? ఆ పనిని కొలిచి కూలి కట్టడం మా గడ్డ మీద ఎట్లా వచ్చింది? ఆ కొలతకు కనపడనిది ఏది? ఈ వారం వ్యాసం ఆ అమ్మాయికి నేను బాకీపడిన జవాబు. మిత్రులు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా చదవండి.

మాట దగ్గర మొదలుపెడదాం

ప్రభుత్వ కాగితాల్లో దాని పేరు ఉపాధి హామీ. మా అనంతపురం పల్లెల్లో మాత్రం "కరువు పనికి పోతాండాం" అంటారు. నాలుగు వానలు బాగా పడిన ఏడాది కూడా అది కరువు పనే. కరువు వచ్చినప్పుడు జనం చేత మట్టి తవ్వించి, రాళ్ళు కొట్టించి, బతకడానికి సరిపోయీ సరిపోనంత ఇచ్చే పద్ధతి ఇక్కడ దాదాపు నూటయాభై ఏళ్ళ నాటిది. చట్టం వచ్చింది, పేరు మారింది, జనం నాలుక మాత్రం మారలేదు. మన కులాల చరిత్రకు దస్తావేజులు తక్కువ. అందుకే జనం నోట్లో నిలిచిన మాటను నేను సాక్ష్యంగా తీసుకుంటాను.

ఇంకో మాట కూడా ఉంది. రెక్కాడితే గానీ డొక్కాడదు. రెక్క అంటే భుజం నుంచి కిందికి చెయ్యి. డొక్క అంటే పక్కటెముకల కింద, ఆకలైతే లోపలికి పోయే చోటు. రోజు కూలి మీద బతికేవాళ్ళ ఆర్థికశాస్త్రం మొత్తం ఆ మూడు మాటల్లో ఉంది. అయితే రెక్క ఆడటానికి లోపల ఏం జరుగుతుందో ఆ సామెత చెప్పదు. అది చూద్దాం.

తట్ట ఎత్తినప్పుడు

పెద్దవాళ్ళ ఒంట్లో 206 ఎముకలు, ఆరువందలకు పైగా కండరాలు. కండకు తెలిసింది లాగడం ఒక్కటే. నెట్టడం దానికి రాదు. మనం బండిని నెట్టినా లోపల ఏదో ఒక కండ ఏదో ఒక ఎముకను లాగుతూనే ఉంటుంది. మోచేయి మడవడానికి ముందువైపు కండ, చాచడానికి వెనకవైపు కండ. కండను ఎముకకు కట్టి ఉంచేది టెండాన్, ఎముకను ఎముకకు కట్టి ఉంచేది లిగమెంట్. పల్లెలో అన్నింటినీ కలిపి "నరం" అంటారు.

కండ పోగుల్లో యాక్టిన్, మయోసిన్ అనే రెండు ప్రోటీన్ల దారాలు ఒకదాని మీదుగా ఇంకొకటి జారుతాయి. కండ ముడుచుకోవడం అంటే అదే. అందులో ఖర్చయ్యే ఇంధనం ఏటీపీ, తిన్న తిండి నుంచి తయారయ్యేది. "ఇక లాగు" అని సంకేతం ఇచ్చేది కాల్షియం. ఒంట్లో ఉన్న కాల్షియంలో 99 శాతం దాకా ఎముకల్లోనే ఉంటుంది. కాబట్టి ఎముక మనకు గుంజా, గాదే రెండూ. రక్తంలో కాల్షియం తగ్గితే ఒళ్ళు ఎముకను కొంచెం కొంచెం కరిగించి తెచ్చుకుంటుంది.

ఇప్పుడు మట్టి తట్ట. అందులో ఇరవై కిలోల మట్టి ఉందనుకోండి. నడుము వంచి లేపేటప్పుడు ఆ బరువు వెన్నెముక కింది పూసలకు సుమారు 45 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. వంగిన మనిషి పైభాగం ముప్పై కిలోలు అనుకుంటే, దాని బరువు సుమారు 25 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. ఈ రెండింటినీ ఆపాల్సిన నడుము కండలు మాత్రం వెన్నుపూసకు వెనక ఐదు సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నాయి. తక్కెడ లెక్కే ఇది. 20ని 45తో, 30ని 25తో గుణించి, కలిపి, 5తో భాగించండి. 330 వస్తుంది. ఇరవై కిలోల తట్టకు నడుము కండలు మూడువందల కిలోలకు పైగా బలంతో లాగాలి. వెన్నుపూసల మధ్య డిస్కు ఆ ఒత్తిడిని మోయాలి. ఒక్క తట్టకు. పూటకు ఎన్ని తట్టలో పనికి పోయినవాళ్ళను అడగండి.

కొలతల పుస్తకం, అదే ఎం-బుక్కులో మాత్రం గుంత పొడవు, వెడల్పు, లోతు ఉంటాయి. నడుముకు అందులో గడి లేదు.

కత్తికి తెలిసిన శరీరం

ఈ చదువు మన దేశానికి కొత్తదా? కాదు. సుశ్రుత సంహిత శస్త్రచికిత్స లెక్కలో 300 ఎముకలు, 500 కండలు చెప్పింది. శవాన్ని పారే నీళ్ళలో నానబెట్టి, పొరలు పొరలుగా చూసి నేర్చుకోవాలని కూడా చెప్పింది. మరోవైపు మనుస్మృతి మనిషి ఎముకను ముట్టుకుంటే మైల అంది. కొవ్వు అంటిన ఎముకకు ఒక శుద్ధి, పొడి ఎముకకు ఇంకొక శుద్ధి. మైల గెలిచింది. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా శవపరిచ్ఛేదం చేస్తే అది చరిత్రలో నిలిచిపోయే సంగతి అయింది. వైద్య కుటుంబాల్లో పుట్టినవాళ్ళు శవాన్ని కోయడం అంత దూరమైన పని అయిపోయింది మరి.

అదే కాలంలో ప్రతి ఊరి చివరా చచ్చిన పశువు తోలు తీసే చేతులున్నాయి. తోలు కింద కత్తి ఏ వాలుగా పోవాలో, ఎక్కడ కండ మొదలై ఎక్కడ నరంగా మారి ఎముకకు అతుక్కుంటుందో, కీలు ఎక్కడ విడుతుందో మాదిగవాడలో పిల్లవాడికి కూడా తెలుసు. తోలుకు గాటు పడితే దాని విలువ పోతుంది. అందుకని ఆ చెయ్యి తప్పకూడదు. ఆ తోలుతోనే కపిలె బాన కుట్టారు. కరెంటు మోటార్లు రాకముందు మా మెట్ట నేలల్లో బావి నీళ్ళు పైకి వచ్చింది ఎద్దులు లాగిన ఆ తోలు బానల్లోనే. మాదిగ కుట్టిన తోలు బావిలో దిగవచ్చు, మాదిగ చెయ్యి దిగకూడదు. ఈ ఒక్క సంగతి చాలు మైల అనేది దేనికోసమో తెలియడానికి.

చదివినవాడు ముట్టుకోడు, ముట్టుకున్నవాడికి చదువు లేదు. కులం పనిని మాత్రమే పంచలేదనీ, పనిచేసేవాళ్ళనే మెట్లు మెట్లుగా విడగొట్టిందనీ అంబేద్కర్ 1936లో చెప్పింది ఇందుకే. కండా ఎముకా తెలిసిన చేతులు ఒకచోట, వాటి గురించి తీర్మానాలు చేసే తలలు ఇంకొకచోట. ఆ ఎడం ఎంత ఖరీదైనదో 1877లో తేలింది. అప్పుడు తీర్మానం చేసే తల ఇంగ్లండు నుంచి వచ్చింది.

ధాతు కరువు

1876లో మన పంచాంగం ప్రకారం ధాత నామ సంవత్సరం. అందుకే జనం దాన్ని ధాతు కరువు అన్నారు. ఆయుర్వేదంలో ధాతువు అంటే శరీరాన్ని నిలబెట్టే పదార్థం. మాంసం ఒక ధాతువు, అస్థి ఒక ధాతువు. పేరు యాదృచ్ఛికంగానే కుదిరింది. జరిగింది మాత్రం సరిగ్గా అదే. జనం ధాతువులు కరిగిపోయాయి.

అప్పటికి అనంతపురం జిల్లా లేదు. ఈ నేల బళ్ళారి జిల్లాలో భాగం, 1882లో విడివడింది. మద్రాసు రాజధానిలో ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి. వైస్రాయి లిట్టన్ కరువు ఖర్చు తగ్గించడానికి సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపాడు. ఈ టెంపుల్ అంతకు ముందు 1873-74లో బీహారు కరువులో బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించినవాడు. దానికి డబ్బు దండగ చేశాడని తిట్లు తిన్నాడు. ఈసారి ఆ తిట్లు పడకూడదనుకున్నాడు. 1877 జనవరిలో కరువు పనిలో మగవాడి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణాకు దించాడు. ఆడవాళ్ళకు, పిల్లలకు ఇంకా తక్కువ. చరిత్రలో దాన్ని "టెంపుల్ కూలి" అంటారు. ఊరికి దగ్గర్లో పని ఉంటే అవసరం లేనివాళ్ళు కూడా వస్తారని దూరపు పరీక్ష పెట్టారు. నడవలేనంత ఆకలి ఉన్నవాడు నడిచి వచ్చి ఆకలి రుజువు చేసుకోవాలి.

ఒక పౌను అంటే సుమారు 450 గ్రాములు. అంత ధాన్యంలో ఉండే శక్తి దాదాపు 1,600 కేలరీలు. దీన్ని ఇంకో లెక్క పక్కన పెట్టి చూడండి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆకలి మీద ప్రయోగం చేశాడు. 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు, తమ ఇష్టంతో వచ్చినవాళ్ళు. ఆరు నెలల పాటు రోజుకు సుమారు 1,570 కేలరీల తిండి. వాళ్ళు చేసిన పని వారానికి 22 మైళ్ళ నడక. మట్టి తవ్వలేదు, రాళ్ళు కొట్టలేదు. అయినా ఒంటి బరువులో నాలుగో వంతు పోయింది. బలం తగ్గింది, గుండె కూడా కుంచించుకుంది. గుండె కూడా కండే కదా.

కారణం తెలిసిందే. తిండి తగ్గినప్పుడు కాలేయంలో దాచుకున్న చక్కెర ఒక రోజులో అయిపోతుంది. ఆ తర్వాత ఒళ్ళు కొవ్వును కాల్చుకుంటుంది, దాంతో పాటు కండలోని ప్రోటీనును విరగ్గొట్టుకుని చక్కెర చేసుకుంటుంది. తొడలూ రెక్కలూ సన్నబడతాయి. ఊపిరి తీయించే కండ కూడా బలహీనపడుతుంది. కొవ్వు లేనివాడికి కండే దిక్కు. మా వాడల్లో 1876కు ముందు మాత్రం ఎవరి ఒంట్లో కొవ్వు నిలవ ఉంది?

ఇది ఆ రోజుల్లో తెలియక జరిగిన పొరపాటా? తెలిసే జరిగింది. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఈ కూలి మనిషిని పనిచేయనివ్వదని అప్పుడే వాదించాడు. పనిచేసే మనిషికి ఒకటిన్నర పౌను ధాన్యం, దానికి తోడు పప్పో కూరగాయలో కావాలన్నాడు. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం సగం దిగివచ్చింది. పౌనుంబావు ధాన్యం, కొద్దిగా పప్పు. అప్పటికే చాలామంది పోయినారు. ఆ కరువులో బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లో చనిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ లెక్కన 55 లక్షలు. 1871కీ 1881కీ మధ్య పాత బళ్ళారి జిల్లా జనంలో దాదాపు ఐదో వంతు తగ్గారు. ముందు పోయింది నేల లేని కూలీలు. అంటే ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

విల్లోబీ హూపర్ అనే సైనికాధికారి తీసిన ఆ కరువు ఫోటోలు ఇప్పటికీ దొరుకుతాయి. పక్కటెముకలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు. ఎముకలు కనిపిస్తాయి, పేర్లు తెలియవు. మద్రాసులో అడయారు, కూవం నదులను కలిపిన కాలువ ముక్కను ఆ కరువు కూలీలే తవ్వారు. ఆ కాలువ పేరు బకింగ్‌హామ్ కాలువ. బకింగ్‌హామ్ అప్పటి గవర్నరు. తవ్విన కండలకు పేరు లేదు.

ఎముక తాగిన నీళ్ళు

కరువు కండను తింటే, నీళ్ళు ఎముకను తిన్నాయి. కరువు సీమలో నీళ్ళ కోసం లోతుకు పోతాం. గ్రానైటు రాతి పొరల్లో నిలిచిన నీళ్ళలో ఫ్లోరైడు ఉంటుంది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ నీళ్ళు తాగినవాళ్ళ ఎముకలు ఎట్లా మారాయో రాసి ప్రకటించారు. దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి వైద్యులు రాసిన తొలి వివరం అదే. అనంతపురంలో కూడా చాలా పల్లెల నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటుతుంది.

ఎముక రాయి లాంటిది కాదు. పాత ఎముకను తినే కణాలు, కొత్త ఎముకను కట్టే కణాలు జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. పెద్దవాళ్ళ అస్థిపంజరం పదేళ్ళలో దాదాపు కొత్తదవుతుంది. బరువు పడిన వైపు ఎముక గట్టిపడుతుందని జర్మన్ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో చెప్పాడు. మనం ఏ పని చేస్తే ఎముక ఆ పనికి తగ్గట్టు తనను తాను కట్టుకుంటుంది. కట్టుకునేటప్పుడు నీళ్ళలో ఫ్లోరైడు ఉంటే దాన్నీ ఇటుకలో కలుపుకుంటుంది. అట్లాంటి ఎముక చూడటానికి దట్టంగా ఉంటుంది, పెళుసుగా విరుగుతుంది. లిగమెంట్లు కూడా సున్నం పట్టి ఎముకలవుతాయి. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మనిషి మెడ తిప్పలేడు, కింద కూర్చోలేడు.

తిండిలో కాల్షియం తక్కువైతే ఈ దెబ్బ ఇంకా ఎక్కువ. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం మూడువందల మిల్లీగ్రాములకు పైనే, తెల్ల బియ్యంలో పదో పదిహేనో. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక ఆకలి తగ్గింది, అది నిజం. రాగి సంగటి తినే ఇళ్ళల్లోకి తెల్లన్నం వచ్చింది, అదీ నిజమే. ఆకలి తీర్చేటప్పుడు ఎముకను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. శ్రీ సత్యసాయి నీటి పథకం 1995-96లో జిల్లాలో ఏడువందలకు పైగా పల్లెలకు మంచినీళ్ళ పైపులు వేసింది. అయితే అప్పటికే అతుక్కున్న వెన్నుపూస మళ్ళీ విడిపోదు. మంచినీళ్ళ బావి దగ్గరికి రానివ్వని కాలంలో మా పెద్దలు ఏ నీళ్ళు దొరికితే ఆ నీళ్ళే తాగారు. ఆ నీళ్ళ లెక్క ఏ గెజెట్‌లోనూ లేదు. అది వాళ్ళ నడుముల్లో ఉంది.

ఆ అమ్మాయి వాళ్ళింటికి పోయినప్పుడు వాళ్ళమ్మ నాకు చాప వేసింది. తను కింద కూర్చోలేదు, గడప మీద కూర్చుంది. లేచేటప్పుడు రెండు చేతులతో మోకాలు పట్టుకుని లేచింది. నేను డాక్టర్ను కాను, కారణం చెప్పలేను. అయితే ఆమె తవ్విన గుంతకు కొలత వేసినవాళ్ళు ఆమె లేచిన తీరు చూశారా అని మాత్రం అడగగలను.

బండ్లపల్లి

2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీని మొదలుపెట్టింది మా అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. 1877 కరువు పనికీ దీనికీ తేడా ఏమిటో మన విద్యార్థులు వేళ్ళ మీద చెప్పగలగాలి. అప్పుడు దూరపు పరీక్ష. ఈ చట్టంలో ఐదు కిలోమీటర్ల లోపల పని, దాటితే పది శాతం ఎక్కువ కూలి. అప్పుడు ఆకలి రుజువు చేసుకోవాలి. ఈ చట్టంలో అడిగితే చాలు, పదిహేను రోజుల్లో పని చూపకపోతే భృతి. పనిచోట నీళ్ళు, నీడ, మందుల పెట్టె, చంటిపిల్లలను చూసే మనిషి. అప్పుడు దయ, ఇప్పుడు హక్కు. ఈ తేడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. పోరాడి తెచ్చుకున్నది.

అయినా ఒకటి 1877 నుంచి అట్లాగే వచ్చింది. అదే కొలత. కూలి ఎనిమిది గంటలకు కాదు, తవ్విన మట్టికి. కొలత అనేదే తప్పని నేను అనను. నేలను బట్టి రేటు మారాలని నిబంధనల్లోనే ఉంది. మెత్తటి మట్టికి ఒక రేటు, గట్టి నేలకు ఇంకొకటి, గరుసుకు మరొకటి. మన రాష్ట్రంలో వేసవి నెలల్లో కూలి మీద అదనపు శాతం కూడా ఇచ్చారు, ఫిబ్రవరిలో ఇరవై నుంచి ఏప్రిల్, మే నెలల్లో ముప్పై దాకా. అంటే ఎండకు గట్టిపడిన నేల ఎక్కువ కండను ఖర్చు చేయిస్తుందని ప్రభుత్వమే ఒప్పుకుంది. కార్నిష్ చెప్పింది నూట ముప్పై ఏళ్ళకు ఒక కాగితం మీదికి వచ్చింది. ఇప్పుడు చూడాల్సింది ఆ కాగితం మీ ఊరి గుంత దగ్గరికి వచ్చిందా లేదా అని.

ఆ అమ్మాయికి జవాబు

చెల్లీ, నువ్వు అడిగింది: అమ్మ పని తక్కువ చేసిందా, నేల గట్టిగా ఉందా?

నేల గట్టిగా ఉంటే గడ్డపార దెబ్బకు ఊడే మట్టి తక్కువ, వేయాల్సిన దెబ్బలు ఎక్కువ. ప్రతి దెబ్బకూ రెక్కలోని కండ ముడుచుకోవాలి, నడుము లేవాలి. గుంత చిన్నదవుతుంది, కండ ఖర్చు పెరుగుతుంది. కాబట్టి మీ అమ్మ తక్కువ కొలతకు ఎక్కువ పని చేసింది. నడుము నొప్పితో చేసింది కాబట్టి ఇంకా ఎక్కువ చేసింది. ఇది జాలి మాట కాదు, తక్కెడ లెక్క.

ఇక ఎట్లా తెలుస్తుంది అన్నావు కదా. ఎం-బుక్కు చూపించమని అడుగు. మీ గుంతను ఏ రకం నేల కింద రాశారో చూడు. గరుసు నేలను మెత్తటి మట్టి అని రాసి ఉంటే, మళ్ళీ కొలవమని మీ గ్రూపు అంతా కలిసి అర్జీ పెట్టండి. కొలిచేటప్పుడు మీరు అక్కడే ఉండండి. వేసవి అదనం అమల్లో ఉంటే కలిపారో లేదో చూడు. సామాజిక తనిఖీ రోజున ఈ లెక్క ప్రజావేదికలో చదువు. నీకు చదవడం వచ్చు, అమ్మకు నేల తెలుసు. ఇన్నాళ్ళూ ఈ రెండూ ఒక ఇంట్లో ఉండకుండా కులం కాపలా కాసింది. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్నాయి.

ఈ వ్యాసం చదివిన విద్యార్థులు సెలవులకు ఊరు పోయినప్పుడు ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చుని ఏ చెరువు తవ్వారో, ఏ కట్ట పోశారో, ఏ రోడ్డుకు కంకర కొట్టారో అడిగి పేర్లతో సహా రాసుకోండి. ఏ కీలు ఎప్పటి నుంచి నొస్తోందో, ఏ బావి నీళ్ళు తాగారో కూడా రాయండి. పేర్లు లేని ఎముకల ఫోటోలు మనకు ఇక చాలు.

జై భీమ్.